రీస్టార్ట్ నొక్కిన ఆదివారం

మొన్న ఆదివారం పొద్దున మా ఆస్పత్రి సర్వర్ గదిలో కంప్యూటర్లను ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేస్తూ నిలబడ్డాను. కొత్త అప్‌డేట్లు ఎక్కించాక తప్పని పని అది. ఏసీల హోరులో ఇంకేమీ వినబడదు గానీ, మూలనున్న ఒక పాత యంత్రంలో హార్డ్ డిస్క్ తిరగడం మెల్లగా తగ్గి, సన్నగా గాలి వదిలినట్టు ఆగిపోవడం నా చెవికి పట్టింది. అది పూర్తిగా ఆగాకే యంత్రం మళ్లీ లేచింది. చూసుకుంటే నా అరచెయ్యి అప్పటికే దాని మీద ఉంది. అలా చెయ్యి ఆనించి, లోపలిది ఆగేదాకా నిలబడడం నాకు నేర్పిన మనిషి తస్నీమ్ ఆపా. ఈ పెద్ద ఆస్పత్రిలో ఆవిడ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మా ఇల్లు గౌలిపురాలో. మా నాన్న, బాపు, బస్ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. నేను టైపు చేసే చిన్న ప్రైవేటు బడి మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, దబీర్‌పురా స్టేషన్ దగ్గర సందులో ఒక క్లినిక్ ఉందని, అక్కడ కంప్యూటర్ తెలిసిన ఆడపిల్ల కావాలంటున్నారని బాపుతో పనిచేసిన ఒకాయన చెప్పాడు. తలసీమియా పిల్లల కోసం ఒక ట్రస్టు నడిపే క్లినిక్ అది. ఆ జబ్బున్న పిల్లల ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాదు. మూడు వారాలకోసారి బయటినుంచి ఎక్కించాలి. పిల్లలకు బడి పోకుండా ఉండాలని ఆదివారాలే ఎక్కువమందికి ఎక్కించేవారు. పాత ఇంట్లో కింది భాగం క్లినిక్. ఒకప్పటి వంటగదే కంప్యూటర్ గది. పొయ్యి ఉండే షాబాదు రాయి గట్టు మీద కంప్యూటర్ ఉండేది. దాని వెనక గోడ మీద పొగ మరక ఎన్ని సున్నాలు వేసినా పోలేదు.

ఆ గదికి యజమాని, అందరం ఆపా అని, అంటే అక్కా అని పిలిచే తస్నీమ్. యాభై దాటిన మనిషి, పొట్టిగా, ఎండాకాలంలో కూడా గోధుమ రంగు స్వెట్టర్ వేసుకుని ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు ఒక హోటల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేశారట. ఆ బోర్డు తీసేసి మిషను పెట్టాక ఉద్యోగం పోయింది. నలభై ఏళ్లు వచ్చాక, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో కలిసి ఆ దగ్గర్లోనే ఉండేవారు. అన్నేళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని గొంతులు విన్నందుకో ఏమో, ఆవిడ చెవి చాలా పదును. వరండాలో ఏ పిల్ల ఏడుస్తోందో గదిలోంచే చెప్పగలిగేవారు.

చేరిన మొదటి రోజే నాకు ఒక పాఠం అయింది. ఒక చిన్నపిల్ల వివరాలు ఎక్కిస్తూ, పేరు స్పెల్లింగు నాకు తోచినట్టు కొట్టేశాను. ఆపా నా భుజం మీదుగా చూసి, అదే పేరుతో మన దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలున్నారని చెప్పి, బయటికి వెళ్లి వాళ్లమ్మనే అడిగి రమ్మన్నారు. అంత మందిలో అక్షరం అక్షరం అడగడానికి నాకు సిగ్గేసింది. ఆ సంగతి ఆవిడకు అర్థమైంది. "పేరు ఇక్కడ తప్పు కొడితే రక్తం అక్కడ తప్పు పోతది సునందా. పదిసార్లు అడుగు. ఎవ్వరు ఏమనుకోరు" అన్నారు. గొంతు పెంచలేదు. కానీ ఆ రోజు నుంచి, నేను కొడుతున్నవి అక్షరాలు మాత్రమే కాదని నాకు తెలిసింది.

ఇంకో అలవాటు మాత్రం చాలా రోజులు వింతగా అనిపించింది. సాయంత్రం కంప్యూటర్ ఆపేటప్పుడు ఆపా దాని డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడేవారు. తెర నల్లబడినా కదిలేవారు కాదు. లోపల తిరుగుడు పూర్తిగా ఆగిందని చేతికి తెలిశాకే మెయిన్ స్విచ్ ఆపేవారు. అంతకంటే వింత ఏమిటంటే, ఆ కంప్యూటర్ మీద రీస్టార్ట్ ఎప్పుడూ నొక్కనిచ్చేవారు కాదు. మళ్లీ మొదలుపెట్టాలంటే ముందు పూర్తిగా ఆపి, చెయ్యి పెట్టి, లోపల నిమ్మళించాక, అప్పుడు ఆన్ చెయ్యాలి. రెండు నిమిషాలు దండగ అని నాకనిపించేది. ఒకసారి అడిగేశాను. ఆవిడ నన్ను పక్కన నిలబెట్టి, ముందు మామూలుగా ఆపి వినమన్నారు. మెత్తగా తగ్గుతూ ఆగింది. తర్వాత, నాకు చూపించడానికి మాత్రమే, రీస్టార్ట్ నొక్కారు. డబ్బాలో ఎక్కడో టక్కుమని గట్టిగా కొట్టుకున్న చప్పుడు.

అప్పుడు వివరంగా చెప్పారు. హార్డ్ డిస్కులో అద్దంలాంటి పళ్లెం వేగంగా తిరుగుతూ ఉంటుంది. దాని మీద తగిలీ తగలనట్టు ఒక సన్నటి చెయ్యి కదులుతూ రాస్తుంది, చదువుతుంది. కంప్యూటర్ ఆపేటప్పుడు డిస్కుకు ముందే కబురందుతుంది. చేతిలో ఉన్న రాత పూర్తి చేసి, ఆ చెయ్యి పక్కకు జరిగి కూర్చుంటుంది, పళ్లెం ఆగుతుంది, అప్పుడు కరెంటు పోతుంది. రీస్టార్టులో సాధారణంగా డిస్కుకు కరెంటు పోదు కాబట్టి ఆ కబురు వెళ్లదు. మన యంత్రం మాత్రం రీస్టార్టులోనూ ఒక్క క్షణం కరెంటు కోసేస్తుంది. చెప్పకుండా కోసేసరికి ఆ చెయ్యి ఉన్నపళంగా వెనక్కి కొట్టుకుంటుంది. డిస్కు తన మంచిచెడ్డలు తానే లెక్కపెట్టుకునే ఒక పట్టీ ఉంటుందని, అందులో హఠాత్తుగా కరెంటు పోయిన లెక్క రీస్టార్ట్ నొక్కినప్పుడల్లా ఒకటి పెరుగుతోందని చూపించారు. వారం పాటు పుస్తకంలో రాసి మరీ చూసుకున్నారట.

ఆ పుస్తకం పట్టుకుని, కంప్యూటర్ అమ్మిన దుకాణం నుంచి వచ్చిన ఇంజినీరుకు కూడా చెప్పారు. అతను పుస్తకం తెరవలేదు. చప్పుడు వస్తే రానీ మేడమ్, పని నడుస్తోంది కదా అన్నాడు. అతను వెళ్లాక ఆపా కోప్పడలేదు. రీస్టార్ట్ చెయ్యొద్దని ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో రాసి తెరకు అంటించారు. ఎండకు ఆ కాగితం రంగు పోయింది. నెలలు గడిచేసరికి నేను దాన్ని చూడడం మానేశాను.

ఇక ఆ ఆదివారం సంగతి. వానాకాలం వెళ్తున్న రోజులు. భవ్య అని తొమ్మిదేళ్ల పిల్ల, మా గౌలిపురాదే, వాళ్లమ్మ లక్ష్మితో పొద్దున్నే వచ్చింది. కిందటిసారి రక్తం ఎక్కించినప్పుడు ఆ పిల్లకు చలిజ్వరం వచ్చింది. ఒంట్లో కొన్ని రకాల రక్తాన్ని ఎదిరించే గుణం పుట్టిందేమోనని మా క్లినిక్ డాక్టరమ్మ పెద్ద ల్యాబుకు పరీక్షకు పంపింది. ఏయే రక్తం పడదో ఆ ల్యాబు రాసిచ్చింది. నేనే దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టి, అసలు కాగితం లక్ష్మికి ఇచ్చాను. ఆ తర్వాత వానలకు వాళ్లింట్లోకి నీళ్లొచ్చి కాగితం, క్లినిక్ కార్డు రెండూ ముద్దయిపోయాయి. మా దగ్గర నెలకోసారే అంతా వేరే డిస్కులోకి కాపీ చేసేవాళ్లం. ఈ కాగితం ఆ కాపీ తర్వాత వచ్చింది. ఆదివారం కాబట్టి ల్యాబు మూసి ఉంది. అంటే ఆ పిల్లకు ఏ రక్తం పడదన్న సంగతి ఆ రోజుకు మా కంప్యూటర్లో తప్ప మా చేతికందే చోట ఇంకెక్కడా లేదు.

పురానాపూల్ దగ్గర చుట్టాలింటికి వెళ్లి పదింటికల్లా వచ్చేస్తానని ఆపా ముందురోజే చెప్పారు. తొమ్మిదిన్నరకు వరండా నిండిపోయింది. డాక్టరమ్మ భవ్య కాగితం అడిగింది. తెర మీద బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. ముందు పవర్ బటన్ ఒకసారి నొక్కి మామూలుగా ఆపి, ఆగేదాకా నిలబడి, మళ్లీ పెట్టాలి. అది నాకు తెలుసు. కానీ తలుపు దగ్గర నలుగురు పేర్లు చెప్తున్నారు, నర్సు రెండుసార్లు వచ్చి వెళ్లింది. నేను డబ్బా మీది రీస్టార్ట్ బటన్ నొక్కాను. లేచినట్టే లేచి మళ్లీ నిలిచిపోయింది. మళ్లీ నొక్కాను. మూడోసారి నొక్కాక టక్, టక్ మని లోపల కొట్టుకుంటూ, డిస్కు దొరకడం లేదని తెల్ల అక్షరాలు వచ్చాయి.

ఆపా వచ్చేసరికి నేను గట్టు పక్కన నిలబడి ఉన్నాను. ఏమైందని అడిగారు. "యూపీఎస్ కొట్టేసింది ఆపా. మెషిన్ దానంతట అదే బంద్ అయింది" అన్నాను. అనాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. ఉద్యోగం పోతే ఇంట్లో పరిస్థితి, బాపు ముఖం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఆవిడ నా మాట నమ్మారు. నమ్మి, ఆ మాట ప్రకారమే పని మొదలుపెట్టారు. యూపీఎస్ చెడి ఎక్కువ కరెంటు కొట్టి ఉంటే డిస్కు సర్క్యూటు కాలిపోయి ఉండొచ్చు, ఇప్పుడు ఆన్ చేస్తే ఉన్నది కూడా పోవచ్చు, ఇంకో కంప్యూటర్లో పెడితే అదీ చెడొచ్చు అని, ఏదీ ముట్టుకోనివ్వలేదు. సందు చివర ఉండే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశారు. అతను అరగంటకు వచ్చాడు. యూపీఎస్ విప్పాడు, ప్లగ్గులు చూశాడు, వైర్లు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. ఆపా మళ్లీ చూడమన్నారు.

నీళ్లు తాగే వంకతో వరండాలోకి వెళ్లాను. భవ్య బల్ల మీద వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. రక్తం బాగా తగ్గిపోయిందని, రేపటిదాకా ఆపడం మంచిది కాదని, అలాగని ఏది పడదో తెలియకుండా ఎక్కించలేనని డాక్టరమ్మ లక్ష్మికి చెప్తోంది. వేరే ఆస్పత్రికి పంపినా అక్కడా ఇదే ప్రశ్న అడుగుతారంది. లక్ష్మి నన్ను చూసి, తప్పంతా తనదే అయినట్టు, కాగితం అటక మీద పెట్టాల్సింది అక్కా అంది. ఆ మాట విన్నాక నేనక్కడ నిలబడలేకపోయాను.

లోపలికొచ్చి ఎలక్ట్రీషియన్ ముందే చెప్పేశాను. "యూపీఎస్ ఏం కాలేదు ఆపా. నేనే రీస్టార్ట్ కొట్టిన."

ఆవిడ చేతిలోని టార్చి ఆపి నా వైపు చూశారు. ఎన్నిసార్లు అని మాత్రం అడిగారు. మూడుసార్లు అన్నాను. ఎలక్ట్రీషియన్ తల దించుకుని తన సామాను సర్దుకోసాగాడు. ఆపా టార్చిని గట్టు మీద పెట్టారు. తిడితే బాగుండు అనిపించింది.

"సరే, ఇప్పుడు నాకు తొవ్వ దొరికింది" అన్నారు. "కూర్చో. కాగితం, పెన్ను తీస్కో."

అసలు కారణం తెలిశాక ఆవిడ చేతులు వేరే రకంగా కదిలాయి. కాలిన డిస్కు కాదు. కబురు లేకుండా మూడుసార్లు కరెంటు పోగొట్టుకుని, చేతిలో ఉన్న రాత సగంలో వదిలేసిన డిస్కు. స్క్రూలు విప్పి దాన్ని బయటికి తీసి, కాసేపు ముట్టుకోకుండా గట్టు మీద ఉంచారు. తర్వాత మందుల గదిలోని ఇంకో కంప్యూటర్‌కు తగిలించారు. దాని మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకుండా, చదవడానికి మాత్రమే తెరిచారు. మొదటిసారి డిస్కు కనబడలేదు. ఆపా ఆ కంప్యూటర్‌ను మామూలుగా ఆపి, డిస్కు మీద రెండు వేళ్లు ఆనించి నిలబడ్డారు. నేను పక్కనే నిలబడ్డాను. అన్నాళ్లుగా దండగ అనుకున్న ఆ రెండు నిమిషాలు నేను పూర్తిగా నిలబడింది అదే మొదటిసారి.

రెండోసారికి తెర మీద ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటిగా కనబడ్డాయి. అన్నీ కాపీ చేసేద్దామని నేను తొందరపడబోయాను. ఆపా వద్దన్నారు. ముందు భవ్య కాగితం, తర్వాతే మిగతావి. డిస్కు మధ్యలో ఆగింది, మళ్లీ కదిలింది. ఆ కాగితం పైనుంచి కొద్దికొద్దిగా తెరుచుకుంది. ఆవిడ చదువుతుంటే నేను రాశాను. రాసింది నాతో రెండుసార్లు చదివించుకున్నారు. కాగితం మీద పేరు, పుట్టిన తేదీ లక్ష్మిని అడిగి సరిచూసుకుని రమ్మన్నారు. ఈసారి సిగ్గుపడలేదు. డాక్టరమ్మ అక్కడికక్కడే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసింది.

సరిపోయే రక్తం వచ్చేసరికి మూడు దాటింది. ఎక్కించడం మొదలుపెట్టాక డాక్టరమ్మ చాలాసేపు ఆ పిల్ల పక్కనే కూర్చుంది. జ్వరం రాలేదు, వణుకు రాలేదు. సాయంత్రానికి భవ్య లేచి కూర్చుని, ఇంటికి పోయే తొవ్వలో మిర్చి బజ్జీ కొనిపెట్టమని వాళ్లమ్మను సతాయించడం వినబడింది. నేను కంప్యూటర్ గదిలోకి వెళ్లి, గట్టుకు ఆనుకుని కింద కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. మందుల గదిలో మిగతా కాగితాలు నెమ్మదిగా కాపీ అవుతున్నాయి. చివరికి పోయినవి కొన్ని రిజిస్టరు పేజీలే. వాటిని కాగితాలు చూసి మళ్లీ కొట్టగలిగాము.

ఆపా వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి. అప్పుడన్నారు ఆ మాట.

"నువ్వు రీస్టార్ట్ కొట్టినవని నాకు గుస్సా లేదు. గాభరాల ఎవరైనా కొడ్తరు. కాని నీ అబద్ధంతోని గంటకు మించి పోయింది సునందా. ఆ గంట నీది కాదు, నాది కాదు. ఆ బిడ్డది."

ఆ మాట ఆవిడ నాతో మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మర్నాడు ట్రస్టు కార్యదర్శికి జరిగింది రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఆ కాగితం ఆపా నాచేతే టైపు చేయించారు. నా తప్పు, నా అబద్ధం ఉన్నదున్నట్టు చెప్పారు, నేను కొట్టాను. కానీ అంతకంటే ముందు ఇంకో వాక్యం చెప్పారు. ఈ కంప్యూటర్‌లో ఈ లోపం ఉందని తెలిసి కూడా, ఒక కాగితం అంటించి ఊరుకున్న మనిషి తస్నీమ్ అని. ఆ బటన్ తీగ అప్పుడే విప్పేసి ఉండాల్సిందని, కాపీ వారం వారం చేయించి ఉండాల్సిందని. అది రాయొద్దు ఆపా అన్నాను. నిజం సగం రాస్తే దాంతోని ఏం ఫాయిదా అన్నారు. కార్యదర్శి ఇద్దర్నీ పిలిచి కాసేపు గట్టిగానే మాట్లాడాడు. ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ వారమే కొత్త డిస్కు వచ్చింది. బటన్ తీగ ఆపా స్వయంగా విప్పేశారు.

తర్వాత ఆవిడ పుస్తకంలోని వివరాలన్నీ నేను ఇంగ్లీషులో రాసి, ఆ కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు పంపాను. జవాబు రాలేదు. కొన్నేళ్లకు ఆపా రిటైరయ్యారు, నేను ఈ ఆస్పత్రికి మారాను. ఒకరోజు కొత్త అప్‌డేట్‌లో ఏమేం మారాయో చదువుతుంటే, కొన్ని యంత్రాలు రీస్టార్టులో కూడా కరెంటు కోసేస్తున్నాయని, ఇకమీదట అటువంటి చోట డిస్కుకు ముందే కబురు పంపి, అది ఆగాకే రీస్టార్ట్ జరిగేలా చేశామని రాసి ఉంది. మా ఉత్తరం వల్లే అని చెప్పలేను. ఇదే చప్పుడు ఇంకా ఎందరు విన్నారో. ఆ సాయంత్రమే దబీర్‌పురా వెళ్లి ఆపాకు చదివి వినిపించాను. అద్దాలు తెచ్చుకుని తానూ చదివారు. మీరు చెప్పింది నిజమని తేలింది ఆపా అంటే, నిజమని మనకు ముందే తెలుసు కదా అన్నట్టు నవ్వి, "మంచిగైంది. ఇగ గాభరాల కొట్టినా డిస్కుకు ఏం కాదు" అన్నారు. ఆవిడ ముఖంలో గెలిచిన సంతోషం లేదు. ఒక బరువు దించుకున్నట్టు ఉంది. వాళ్లక్క చాయ్ తెచ్చింది. చీకటి పడేదాకా ముగ్గురం ఇంకేవో మాటలు చెప్పుకున్నాం.

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. వాళ్లు నన్ను నెమ్మదస్తురాలిని, అబద్ధం తెలియని మనిషిని అనుకుంటారు. అది నిజం కాదు. ఏదైనా చెడినప్పుడు ఇప్పటికీ నా నోటిదాకా ముందు వచ్చేది అబద్ధమే. యంత్రం మీదో, కరెంటు మీదో, ఎదురుగా లేని మనిషి మీదో నెట్టే ఒక చిన్న వాక్యం తయారుగా ఉంటుంది. కిందటి నెలలో కూడా, నేను ఒక ఫోల్డర్ తప్పుగా చెరిపేసినప్పుడు, వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, లేచి వెళ్లి, నేనే చేశానని డాక్టర్లకు చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. మొదట్లో చాలాసేపు పట్టేది. చెప్పేశాక మాత్రం ఛాతీ తేలికవుతుంది, చెయ్యాల్సిన పని కళ్లకు స్పష్టంగా కనబడుతుంది.